డబ్బా వెనకాల ఒకసారి చూడండి

ప్రతి నెలా 14వ తారీఖు నుంచి 20వ తారీఖు దాకా మా ఇంట్లో టీవీ కూడా పెట్టరు. విశాఖ అక్కయ్యపాలెంలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని చిన్న చిన్న షాపులకి జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. 14న జీఎస్టీ పోర్టల్‌లో టూబీ, అంటే సరుకు అమ్మినవాళ్ళు చూపించిన బిల్లుల పట్టిక, వస్తుంది. 20 లోపు త్రీబీ, అంటే ఆ షాపు పన్ను లెక్క చూపే నెలవారీ రిటర్ను, వేసేయాలి. 2022 జనవరి నుంచి టూబీలో కనపడని బిల్లు మీద కట్టిన పన్నుకి క్రెడిట్ తీసుకోవడానికి లేదు కాబట్టి, పార్టీ (నా దగ్గర రిటర్ను వేయించుకునే షాపు ఆయన) ఇచ్చిన పర్చేజ్ రిజిస్టర్‌ని, టూబీని పక్కపక్కన పెట్టుకుని బిల్లు బిల్లుకీ సరిచూడాలి.

పక్కపక్కన అన్నాను గానీ, ఏళ్ళ తరబడి నాకు పక్కన అంటూ ఏమీ లేదు. ఉన్నది ఒకే ఒక్క పద్దెనిమిదిన్నర అంగుళాల మానిటర్. లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్‌లో బిల్లు నంబర్ చూడటం, ఆల్ట్-ట్యాబ్ కొట్టడం, ఎక్సెల్‌లో వెతకడం, మళ్ళీ ఆల్ట్-ట్యాబ్. ఈ మధ్యలో నంబర్‌లో చివరి రెండంకెలు మనసులోంచి జారిపోయేవి. ఒక పార్టీకి రెండొందల బిల్లులుంటే, ఆ జారిపోవడం రెండొందల సార్లు. సాయంత్రానికి కళ్ళు మండేవి, మెడ పట్టేసేది. 19వ తారీఖు రాత్రి టెన్షన్‌లో ఒక తప్పు అంకె పడిందంటే ఆ షాపు ఆయనకి డబ్బు నష్టం. అందుకే రెండో మానిటర్ పెట్టుకోవాలని నిర్ణయించుకున్నాను. ఇరవై రెండంగుళాలది, ఫుల్ హెచ్‌డీ, కొన్నాను.

అసలు గొడవ అక్కడ మొదలైంది. మానిటర్ బిగించడానికి వచ్చిన కుర్రాడు పాతదాన్ని వీజీఏ కేబుల్‌తో, కొత్తదాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో పెట్టాడు. పాతది వెలిగింది, కొత్తదాంట్లో ‘నో సిగ్నల్’. వీజీఏ పీకి మళ్ళీ ఆన్ చేశాడు. ఈసారి కొత్తది వెలిగింది. "చూశారా మేడమ్, ఒకటి తీస్తేనే ఇంకోటి వస్తోంది. మీది ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ కదా, ఒక్కదానికే ఇస్తుంది. టూ జీబీ గ్రాఫిక్స్ కార్డు వేయించుకోండి, దానికి ఎస్‌ఎంపీఎస్ కూడా మార్చాలి" అన్నాడు. ఆన్‌బోర్డ్ అంటే విడిగా కార్డు లేకుండా ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్. కార్డుకీ, డబ్బా లోపల కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్‌కీ కలిపి చెప్పిన ధర ఆరున్నర వేలు. కొత్త మానిటర్ ధరకి అది పెద్ద దూరంలో లేదు.

ఆ కుర్రాడు మోసం చేయాలని అలా అన్నాడని నేను అనుకోవడం లేదు. కళ్ళ ముందు కనపడిందాన్ని బట్టి చెప్పాడు. కానీ ఆ మాట తప్పు. ఇదే మాట ఈ ఊళ్ళో ఎంతమందికి చెబుతున్నారో తర్వాత తెలిసింది. మా పార్టీల్లోనే ఇద్దరు ఇలా కార్డులు కొన్నారు. ఒకాయనకి కంచరపాలెంలో చిన్న పెయింట్ల షాపు. ఆయన రెండో మానిటర్ బిల్లింగ్ చూపించడానికే తప్ప మరి దేనికీ కాదు. ఉన్న యంత్రానికి ఏమి చేతనవునో చూడకుండా కొత్త సరుకు కొనమనడం నాకు బాధ కలిగించే విషయం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదట ఒక సంగతి విడదీసి చూడాలి. గీయడం వేరు, చూపించడం వేరు. జగదాంబ సెంటర్‌లో సినిమా హాలుందనుకోండి. అక్కడ ప్రొజెక్టర్ నడిపే మనిషికి షూటింగ్ చేయడం రావక్కర్లేదు. ఎవరో ఎక్కడో తీసిన బొమ్మని తెర మీద పడేయడమే అతని పని. పక్కన రెండో తెర కట్టి ఇంకో ప్రొజెక్టర్ పెడితే, షూటింగ్ ఖర్చు రెట్టింపు కాదు. కంప్యూటర్‌లో కూడా గేమ్‌లో కొండనీ, నీటినీ లెక్కలు కట్టి గీసే భాగం ఒకటి ఉంటుంది. గీసిన బొమ్మని మెమరీలోంచి చదివి, సెకనుకి 60 సార్లు మానిటర్‌కి పంపే భాగం ఇంకొకటి. ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ బలహీనం అని మనం వినేది మొదటి భాగం గురించి. రెండో మానిటర్‌కి ముఖ్యంగా కావలసింది రెండో భాగం. అందులో ఈ చిప్‌లు ఎప్పుడో ఆరితేరాయి. ఇంటెల్‌లో 2012లో వచ్చిన మూడో తరం ప్రాసెసర్లకే మూడు తెరలు నడిపే సామర్థ్యం ఉంది.

ఇది నోటి మాటగా వదిలేయకుండా లెక్క వేసి చూశాను. అంకెలతో బతికే మనిషిని, అంకె చూస్తే గానీ నాకు నమ్మకం కుదరదు. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. మొత్తం 20,73,600. చుక్కకి నాలుగు బైట్లు వేసుకుంటే ఒక నిండు బొమ్మకి 82,94,400 బైట్లు, అంటే సుమారు 8.3 ఎంబీ. సెకనుకి 60 సార్లు పంపాలంటే దాదాపు 500 ఎంబీ, అర జీబీ. నా పాత మానిటర్ 1366×768 కాబట్టి దానికి ఇందులో సగం చాలు. రెండూ కలిపి సెకనుకి ముప్పావు జీబీ. ఇప్పుడు జమ వైపు చూద్దాం. ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, మన ర్యామ్‌లోంచే వాడుకుంటుంది. నా సిస్టమ్‌లో డీడీఆర్4-2400 ర్యామ్ ఒకే స్టిక్ ఉంది. అది సెకనుకి 19.2 జీబీ దాకా ఇవ్వగలదు. అందులో రెండు తెరలకీ కలిపి పోయేది నూటికి నాలుగు లోపే. తెర మీది కిటికీలు, అంటే విండోలు, కదిపినప్పుడు, వీడియో ఆడినప్పుడు గీసే పనికి ఇంకొంత పోతుంది, నిజమే. అయినా టాలీ, ఎక్సెల్, బ్రౌజర్ పెట్టుకున్న మనిషికి ఆ 19.2 ఎక్కడా తరిగినట్టు అనిపించదు.

మరి ఆ రోజు రెండో తెర ఎందుకు రాలేదు? దీని కోసమే నేను రెండు రాత్రులు కూర్చున్నాను.

నా యంత్రం 2018లో అసెంబుల్ చేయించింది. ఐ3-8100 ప్రాసెసర్, హెచ్310 మదర్‌బోర్డు. ఆ బోర్డుకి రెండు తెరల హద్దు ఉంది, మూడు పెట్టడానికి వీల్లేదు. నాకు కావలసింది రెండే. మనం సీపీయూ అని పిలిచే ఆ డబ్బాని టేబుల్ కిందనుంచి బయటికి లాగి, టార్చి వేసి వెనకాల చూశాను. యూఎస్‌బీ సాకెట్ల పక్కన ఒక వీజీఏ, ఒక హెచ్‌డీఎంఐ. రెండూ ఒకే బోర్డు మీద, పక్కపక్కనే. బోర్డు తయారుచేసినవాళ్ళు ఒకదానికే ఇవ్వదలచుకుంటే రెండు సాకెట్లు పెట్టి, ‘రెండు తెరలు’ అని మాన్యువల్‌లో రాయరు కదా! ఆ మాన్యువల్ పెట్టెలోనే ఉంది. ఏడేళ్ళలో దాన్ని ఎవరూ తెరవలేదు.

అప్పుడు ఇంకో విషయం గుర్తొచ్చింది. అంతకు కొన్ని వారాల ముందు, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయిందని, ఫార్మాట్ చేయించి విండోస్ 11 ఎక్కించుకున్నాను. ఎక్కించినతను, నెట్ డేటా అంతా లాగేస్తుందని అప్‌డేట్లు ఆపేసి ఇచ్చాడు. ఆ రోజు నుంచీ పాత మానిటర్‌లో అక్షరాలు లావుగా, సాగదీసినట్టు కనపడుతున్నాయి. పేజీ కిందకి జరిపితే మెట్లు దిగినట్టు ఆగి ఆగి కదులుతోంది. మానిటర్ ముసలిదైపోయిందిలే అనుకున్నాను. అసలు రెండోది కొనడానికి అది కూడా ఒక కారణం.

డివైస్ మేనేజర్ తెరిచి ‘డిస్‌ప్లే అడాప్టర్స్’ అన్నచోట చూశాను. అక్కడ ఇంటెల్ పేరే లేదు. ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంది.

ఆ ఒక్క వరుసలో మొత్తం కథ ఉంది. గ్రాఫిక్స్ చిప్‌కి అసలు డ్రైవర్ దొరకనప్పుడు, తెర మీద ఏదో ఒకటి కనపడాలి కాబట్టి విండోస్ వాడే తాత్కాలిక ఏర్పాటు అది. కంప్యూటర్ ఆన్ అయినప్పుడు బోర్డు ఏ తెరని వెలిగించిందో దాన్నే పట్టుకుని నడిపిస్తుంది. రెండో తెర దానికి తెలియదు. చిప్‌లోని వేగం కూడా వాడుకోదు. అందుకే ఒక కేబుల్ పీకితేనే ఇంకోటి వచ్చింది. అందుకే అక్షరాలు లావయ్యాయి. లోపం చిప్‌ది కాదు, చిప్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్ అక్కడ లేకపోవడం.

అప్‌డేట్లు మళ్ళీ ఆన్ చేశాను. విండోస్ తనంతట తానే ఇంటెల్ డ్రైవర్ తెచ్చుకుంది. మధ్యలో తెర ఒకసారి నల్లబడింది, గుండె ఆగినంత పనయింది. రీస్టార్ట్ చేశాక అదే వరుసలో ‘ఇంటెల్ యూహెచ్‌డీ గ్రాఫిక్స్ 630’ అని వచ్చింది. రెండు మానిటర్లూ వెలిగాయి. కాకపోతే రెండింట్లోనూ ఒకే బొమ్మ. విండోస్ మీట, పి మీట కలిపి నొక్కితే నాలుగు ఎంపికలు వస్తాయి, అందులో ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకున్నాను. అప్పుడు రెండో తెర ఖాళీగా, విశాలంగా, ఎడమ తెరకి కొనసాగింపులా తెరుచుకుంది. రాత్రి పదకొండున్నరకి నేను గట్టిగా అరిస్తే లోపలి గదిలోంచి మా అత్తగారు లేచి వచ్చారు.

అయితే పాత మానిటర్ మొత్తం పసుపు రంగులో కనపడింది. ఇది మన విశాఖ సంగతి. మాకు సముద్రం మరీ పక్కన లేదు, అయినా ఆ ఉప్పు గాలి ఇంట్లో ఇనప సామాన్లని వదలదు. ఎంవీపీ కాలనీలోనో పెదవాల్తేరులోనో ఉన్నవాళ్ళకి ఇది ఇంకా బాగా తెలుసు. గేటుకి ఏడాదికోసారి రంగు వేయకపోతే తుప్పు పొరలుగా లేస్తుంది. కంప్యూటర్ వెనకాల సాకెట్లు కూడా లోహమే. వీజీఏలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు మూడూ వేరు వేరు పిన్నుల మీద వస్తాయి. నీలం పిన్ను సరిగ్గా తగలకపోతే మిగిలిన రెండూ కలిసి పసుపు కనపడుతుంది. కరెంటు తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో కేబుల్ పిన్నులు మెల్లగా తుడిచాను. పుల్ల చివర ఆకుపచ్చ మరక అంటుకుంది. పూర్తిగా ఆరనిచ్చి, కేబుల్ పెట్టి రెండు పక్కల మరలూ బిగించేసరికి తెల్లగా వచ్చింది. సముద్రం ఒడ్డు ఊళ్ళలో ‘పోర్టు పోయింది, బోర్డు మార్చాలి’ అని ఎవరైనా అంటే, ముందు ఈ దూదిపుల్ల పని చేసి చూడమని నా మనవి.

ఇప్పుడు ఆ ‘టూ జీబీ కార్డు’ దగ్గరికి వస్తాను. ఇలాంటి పనికి షాపుల్లో ఎక్కువగా వినపడే పేర్లలో జీటీ 710 ఒకటి. ఆ కార్డు మార్కెట్‌లోకి వచ్చింది 2016లో, దాని లోపలి చిప్ 2012లో మొదలైన కెప్లర్ కుటుంబానిది. ఆ కుటుంబానికి మామూలు డ్రైవర్ అప్‌డేట్లు 2021లోనే ఆగిపోయాయి. హెచ్‌ఈవీసీ, వీపీ9 పద్ధతుల్లో వచ్చే వీడియోలని తనంతట తాను విప్పే శక్తి దానికి లేదు, ఆ భారం ప్రాసెసర్ మీద పడుతుంది. నా ఐ3లో ఉన్న ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ ఆ రెండింటినీ సొంతంగా విప్పుతుంది. అంటే డబ్బు పెట్టి కొని, కొన్ని విషయాల్లో వెనక్కి వెళ్ళడం. రెండు జీబీ అన్న అంకె వినగానే మనకి పెద్దగా అనిపిస్తుంది. రెండు తెరల బొమ్మలు కలిపి పట్టేది 12, 13 ఎంబీ అని పైన లెక్క చూశాం కదా. ఇక ఎస్‌ఎంపీఎస్ మార్చడం మాట. ఆ కార్డు తినేది 19 వాట్లు. బోర్డు మీద దాన్ని గుచ్చే పొడవాటి స్లాట్ 75 వాట్ల దాకా ఇవ్వగలదు. పాత ఎస్‌ఎంపీఎస్ బాగున్నంతవరకు దానికోసం కొత్తది ఎందుకు?

కార్డు కొన్నాక కూడా చాలామందికి ఇంకో చిక్కు ఎదురవుతుంది. మా పెయింట్ల షాపు ఆయనకి సరిగ్గా ఇదే జరిగింది. ఒక మానిటర్ కార్డుకి, ఇంకోటి పాత బోర్డు సాకెట్‌కి పెట్టాడు. బోర్డు వైపుది నల్లగా ఉండిపోయింది. కార్డు కనపడగానే చాలా బోర్డులు తమ సొంత గ్రాఫిక్స్‌ని ఆపేసుకుంటాయి. బయాస్‌లోకి, అంటే విండోస్ రాకముందే తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్‌లోకి, వెళ్ళి ‘ఐజీడీ మల్టీ మానిటర్’ అనో ‘ఇంటర్నల్ గ్రాఫిక్స్’ అనో ఉన్నదాన్ని ఎనేబుల్ చేస్తే రెండూ కలిసి నడుస్తాయి. ఆయనకి ఎవరో హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ కూడా అమ్మారు. అది ఒకే బొమ్మని రెండు చోట్ల చూపిస్తుంది. షాపులో టీవీలన్నింట్లో ఒకే ప్రకటన ఆడించడానికి బాగుంటుంది గానీ, ఇక్కడ బిల్లు, అక్కడ స్టాక్ చూసుకోవడానికి పనికి రాదు.

కార్డు ఎవరికీ వద్దు అని నేను అనను. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే, అంటే 10400ఎఫ్, 12400ఎఫ్ లాంటివి, వాటిలో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు తప్పదు. ఏఎండీలో రైజెన్ 3600, 5600ఎక్స్ కూడా అంతే. చివర జి ఉన్న 3400జి, 5600జిలలో ఉంటుంది. 2022లో వచ్చిన 7000 వరుస డెస్క్‌టాప్ చిప్‌లలో ఎఫ్ లేనివాటిలో కూడా తెరలు నడిపేంత గ్రాఫిక్స్ పెట్టారు. పిల్లలు పెద్ద గేమ్‌లు ఆడాలన్నా, ఇంట్లో ఎవరైనా త్రీడీ డిజైన్ పని చేస్తున్నా కార్డుకి పెట్టిన ప్రతి రూపాయికీ అర్థముంటుంది. నా తర్కం ఒక్క దాని గురించే: రెండో తెర మీద పట్టికలు, పేజీలు, ఒక వీడియో చూడటానికి.

4కే మానిటర్ కొనేవాళ్ళకి మాత్రం ఒక హెచ్చరిక. నాలాంటి పాత బోర్డుల్లో హెచ్‌డీఎంఐ ఎక్కువగా 1.4 రకం. దాని మీద 4కే సెకనుకి 30 సార్లే వస్తుంది, మౌస్ బాణం ఈడ్చుకుంటూ పోతున్నట్టు ఉంటుంది. అదే బోర్డుకి డిస్‌ప్లేపోర్ట్ అనే ఇంకో రకం సాకెట్ ఉంటే 60 వస్తుంది. కేబుళ్ళు కొనేటప్పుడు కూడా దిక్కు చూసుకోవాలి. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్ళే మామూలు కేబుల్‌ని తిప్పి పెడితే పనిచేయదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చాలంటే లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి, ఎందుకంటే ఒకటి డిజిటల్, ఇంకోటి 1987 నాటి అనలాగ్ పద్ధతి.

మధురవాడ వైపు ఐటీ ఆఫీసుల్లో పనిచేసే మా బంధువుల పిల్లలు లాప్‌టాప్‌ల గురించి అడుగుతుంటారు. వాళ్ళ పని ఇంకా తేలిక. లాప్‌టాప్ తెర ఒకటి, హెచ్‌డీఎంఐకి పెట్టిన మానిటర్ ఒకటి, అవే రెండయ్యాయి. టైప్-సి సాకెట్‌లోంచి ఇంకో తెర తీయాలంటే, ఆ సాకెట్‌కి బొమ్మ పంపే ఏర్పాటు ఉందో లేదో ఆ మోడల్ వివరాల్లో చూసుకోవాలి. అన్ని టైప్-సి సాకెట్లకీ అది ఉండదు, కొన్ని ఛార్జింగ్‌కీ డేటాకీ మాత్రమే. ఏ దారీ లేనప్పుడు యూఎస్‌బీ మీద నడిచే డిస్‌ప్లేలింక్ రకం అడాప్టర్లున్నాయి. వాటికి విడిగా డ్రైవర్ వేయాలి, బొమ్మని కుదించి పంపే పని ప్రాసెసర్ చేస్తుంది. పట్టికలు చూసుకోవడానికి సరిపోతాయి.

కరెంటు సంగతి కూడా చాలామంది అడిగారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉన్నాక, నేను యూపీఎస్ లేకుండా సిస్టమ్ ఆన్ చేయను. ఇలాంటి ఎల్ఈడీ మానిటర్ 20 వాట్ల చుట్టుపక్కలే తీసుకుంటుంది. కరెంటు పోయినప్పుడు ఫైల్ సేవ్ చేసుకుని, సిస్టమ్ ఆపుకోవడానికి నాకు ఇప్పటికీ టైమ్ సరిపోతోంది.

మిగిలిన ఆరున్నర వేలలో కొంత పెట్టి ఇంకో 8 జీబీ ర్యామ్ స్టిక్ వేయించాను. రెండు స్టిక్‌లు జతగా నడిస్తే ర్యామ్ వేగం 19.2 నుంచి 38.4 జీబీకి వెళ్తుంది. ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ ర్యామ్ మీదే బతుకుతుంది కాబట్టి ఆ లాభం దానికీ చేరుతుంది. పెద్ద ఎక్సెల్ ఫైళ్ళు తెరిచినప్పుడు తేడా నాకు స్పష్టంగా తెలిసింది.

ఇప్పుడు పాత మానిటర్ ఎడమ వైపు, దాంట్లో టాలీ. కొత్తది నా ఎదురుగా, దాంట్లో టూబీ. రెండింటి ఎత్తూ వేరు కాబట్టి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రెండు తెరలకి గుర్తుగా కనపడే గళ్ళని లాగి, పై అంచులు కలిపాను. లేకపోతే మౌస్ ఒక తెర నుంచి ఇంకో తెరకి వెళ్ళేటప్పుడు అంచున ఆగిపోతుంది. విండోస్, షిఫ్ట్ మీటలు పట్టుకుని బాణం మీట నొక్కితే ఒక తెరలోని కిటికీ రెండో తెరకి గెంతుతుంది. ఈ ఒక్క మీటల జత నా చేతికి బాగా అలవాటైపోయింది. పోయిన నెల పెయింట్ల షాపు బిల్లులు ఒక్క మధ్యాహ్నంలో సరిచూశాను. చివరి రెండంకెలు మనసులో మోయాల్సిన పని లేదు, రెండు చోట్లా కంటి ముందే ఉన్నాయి. మూడు బిల్లులు టూబీలో లేవు. ఆయనకి అప్పుడే ఫోన్ చేసి చెప్పాను, సరుకు పంపినవాళ్ళని అడగడానికి ఆయనకి ఇంకా నాలుగు రోజులు మిగిలాయి.

ఆ సర్వీస్ కుర్రాడికి కూడా ఫోన్ చేసి డివైస్ మేనేజర్‌లో కనపడిన ఆ వరుస చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మేడమ్, గోపాలపట్నంలో ఇంకొకళ్ళకి కూడా ఇదే చెప్పాను, వాళ్ళింకా కార్డు కొనలేదు, ఇప్పుడే వెళ్తాను" అన్నాడు. సాయంత్రానికి రెండు మానిటర్లు వెలుగుతున్న ఫోటో పంపాడు.

పోర్టల్ పేజీ కోసం మూడో తెర ఉంటే బాగుంటుందని ఈ మధ్య అనిపిస్తోంది. నా బోర్డు హద్దు రెండే కదా. అది పెట్టుకోవాలని గట్టిగా అనుకున్న రోజు, నేనే ద్వారకానగర్ వెళ్ళి కార్డు అడుగుతాను.